మెట్లు దిగని మాణిక్యమ్మ

"సంపేసింటారు. ఇంగ వేరే మాటే లేదు, సంపేసింటారు," అంది ఫోనులో ఒక ఆడగొంతు. "క్యారియరెత్తుకోని మేడ మీదికి పోయిన మనిషి మళ్ళా కిందికి దిగల్యా. అంటే ఏమనుకోవాల? పైననే అయిపోయింది ఆమె కత."

రాట్నం తిప్పుతున్న చెన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. కదురుకు గుచ్చిన కండె మీద నూలు ఒక్కచోటే గుట్టగా పడింది.

"ఎవరే ఆ పిల్ల?"

"గుల్నాజక్క. ఆదోనిలో టైలరు," అంది పావని. చెన్నమ్మ అన్న కూతురు. గడప మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని నూలు చిలపల చిక్కు తీస్తోంది. "సీరియల్ సూసేవాళ్ళ గ్రూపు పెట్టింది ఆమే. మొన్న శుక్రవారం సీరియల్ అయిపోయింది కదత్తా. ఒక్కటీ తేల్చకుండానే శుభం అని వేసేసినారు. అందుకే అందరూ మండిపడతాండారు."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. అన్న శేషప్ప మగ్గం గుంటలోంచి లేవకుండానే తల ఇటు తిప్పాడు. "ఏమ్మే చెన్నీ, నిన్ను సంపేసినారంట గదా!"

"నీ పని నువ్వు సూసుకోన్నా."

పోగుల మధ్య నూలు మోసే నాడె మళ్ళీ అటూ ఇటూ పరుగెత్తింది.

మేడ మీదికి పోయిన ఆ మనిషి పేరు మాణిక్యమ్మ. 'పన్నెండు గుమ్మాల ఇల్లు' సీరియల్లో వంటమనిషి. నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు, నడుముకు బిగించిన కొంగు. ఆ వేషం వేసింది చెన్నమ్మే. మాణిక్యమ్మ రోజూ సాయంత్రం క్యారియర్ నిండా అన్నం సర్దుకుని, ఎవరి కంటా పడకుండా మేడ మెట్లెక్కి, తాళం వేసిన గదిలోకి పోయేది. ఆ గదిలో ఎవరున్నారో మాత్రం చూపించేవాళ్ళు కాదు. ఒకరోజు అట్లాగే ఎక్కింది. మరుసటి రోజు వంటింట్లో ఇంకెవరో కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. మాణిక్యమ్మ ఏమైందని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత కూడా రెండేళ్ళు నడిచింది సీరియల్. గది తలుపు తీయలేదు, మాణిక్యమ్మ దిగలేదు.

అప్పట్లో చెన్నమ్మ హైదరాబాదు నుంచి సంచి భుజాన వేసుకుని ఎమ్మిగనూరులో అన్న ఇంటికి వచ్చినప్పుడు వీధి వీధంతా అడిగింది, ఎందుకు మానేసినావని. "ఆ ఊరి నీళ్ళు పడలే. నాకే ఇష్టం లేక వచ్చేసినా," అని అందరికీ ఒకే మాట చెప్పింది. టీవీ పెట్టే వేళకు ఏదో ఒక పని కల్పించుకుని పెరట్లోకి పోయేది.

"ఇంకోటి వచ్చింది," అంది పావని.

ఈసారి మాట్లాడింది ఎవరో హడావుడి మనిషి. వెనక కుక్కరు కూత కూడా వినపడుతోంది. మాణిక్యమ్మ వంటమనిషే కాదట. మారువేషంలో వచ్చిన పోలీసట. పని అయిపోగానే వెనక దారిన జీపెక్కి పోయిందట.

"పోలీసంట!" చెన్నమ్మ కండె తీసి తట్టలో పడేసింది. "పప్పులో ఉప్పెక్కువైతే గుడ్ల నీళ్ళు పెట్టుకునే మనిషి పోలీసెట్లయితాదే? లాఠీ పట్టుకునే సెయ్యేనా అది?"

"అయితే నువ్వే ఒక మెసేజ్ పెట్టత్తా. మాణిక్యమ్మను నేనే అని సెప్పు. అందరూ ఎగిరి పడతారు."

"పెట్టినావంటే ఆ ఫోను తీసి నీళ్ళ తొట్లో యేస్తా."

పావని నోరు మూసుకుని చిక్కు తీసింది. చెన్నమ్మ కొత్త కండె గుచ్చింది, కొస అందుకుంది, రాట్నం రెండు చుట్లు తిప్పింది.

"ఇంగేమీ రాలేదా?" అంది.

పావని నవ్వు పెదాల కింద దాచుకుని ఫోను నొక్కింది. ఒకరేమో మాణిక్యమ్మ ఆ ఇంటి పెద్దాయన మొదటి భార్య అన్నారు. ఇంకొకరు ఆమెకు కవల ఉందన్నారు. ఆ తర్వాత మళ్ళీ గుల్నాజ్ గొంతే వచ్చింది. "నా మాట మార్సుకుంటాండా. అందరూ ఒకటి గమనించండి. ఆమె ముఖం ఆ ఇంట్లో ఎవరన్నా కండ్లెత్తి సూసినారా? కాఫీ ఇస్తే గ్లాసు తీసుకుంటారు, గ్లాసునే సూస్తారు. పిలిస్తే వంటింటి దిక్కు తిరిగి పిలుస్తారు. ఒక్కరోజు కూడా ముఖం సూడలేదు. ఎందుకంటే ఆమె మొదటినుంచీ మనిషే కాదు. దయ్యం!"

చెన్నమ్మకు మొదట దగ్గు వచ్చింది. తర్వాత ఆ దగ్గు నవ్వైపోయింది. నూలు పుటుక్కుమని తెగింది. కొస ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ కూడా ఆమె భుజాలు ఎగురుతూనే ఉన్నాయి.

"నిజమే సెప్పింది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నా ముఖం సూసిందెవరు!"

చివర్న గుల్నాజ్ చెప్పింది, ఆదివారం తమ మిద్దె మీద అందరూ కూడాలని, పంచాయితీ పెట్టి ఏదో ఒకటి తేల్చుకుందామని, ఉగ్గాని బజ్జీ తన ఖర్చని.

*

మరునాడు చెన్నమ్మ పెట్టెలోంచి ఒక జాకెట్టు గుడ్డ తీసి ఆదోని బస్సెక్కింది. ఎమ్మిగనూరులో టైలర్లు లేరా అని శేషప్ప అడగలేదు. ఆమె గుమ్మం దాటేటప్పుడు మాత్రం మగ్గం కాసేపు ఆగింది.

పత్తి దిగే కాలం. ఊరి పొలిమేర నుంచే పత్తి నింపిన బోరాల లారీలు వరసకట్టి ఉన్నాయి. కంపచెట్ల ముళ్ళకు దూది చిక్కుకుని, దూరానికి పూసినట్టు కనపడుతోంది. మార్కెట్ వెనక సందులో పావని చెప్పిన గుర్తులు పట్టుకుని పోతే, మిద్దె మెట్ల కింద చిన్న గది, అందులో రెండు మిషన్లు. గుల్నాజ్ ముప్పై ఐదేళ్ళ మనిషి. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. సూదులు కింద పడకుండానే గలగలా మాట్లాడుతోంది.

"సెయ్యెత్తక్కా. యా ఊరు?"

"ఎమ్మిగనూరు."

"అంత దూరం నుంచి జాకెట్టుకా?"

"బాగ కుడతావని సెప్పినారు," అంది చెన్నమ్మ గొంతు తగ్గించి.

భుజం కొలత, చేతి కొలత. గుల్నాజ్ సుద్ద ముక్కతో గుడ్డ మూలనే గీతలు గీసుకుంది. రెండో మిషను మీద ఉన్న పిల్ల ఏదో అడిగితే, "కాలరు మడత తిప్పు జాస్మిన్, మాణిక్యమ్మ గుంపులో పడి చెయ్యి ఆపొద్దు," అని కసిరింది. అంతలోనే చెన్నమ్మ వైపు తిరిగి, "నువ్వు సూసేదానివా అక్కా ఆ సీరియలు?" అంది.

"కొన్నాళ్ళు."

"మరి మాణిక్యమ్మ ఏమైందంటావు?"

చెన్నమ్మ గోడ మీది క్యాలెండరు చూసింది. "ఏమైతాది! పనిలోనుంచి తీసేసింటారు."

టేపు నడుము దగ్గర ఆగిపోయింది. "ఎవరు తీసేస్తారు? ఎందుకు?"

"ఎందుకో! పెద్దిండ్లల్లో కారణం సెప్పి తీసేస్తారా?"

గుల్నాజ్ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. అన్నీ గుచ్చినాకనే మాట్లాడింది. "కారణం లేకుండా మనిషిని తీసేస్తే అది కత కాదక్కా, అన్యాయం. అట్లాంటిది నేను ఒప్పుకోను. నేను రోజూ పని మానుకోని సూసింది దానికోసమా?"

ఫోను తీసి ఆ సీను పెట్టింది. చెన్నమ్మ చూపు తిప్పుకుంది. గుల్నాజ్ గమనించలేదు, తెర మీద వేలు పెట్టి చూపిస్తోంది. "ఈడ సూడు, ఈడ. మెట్టు మీద కాలు పెట్టే ముందర క్యారియర్ అడుగు కొంగుతో తుడిసింది. సూసినావా? ఎందుకు తుడిసింది? పైన ఆ క్యారియర్ పెట్టే సోట తెల్లగుడ్డ పరిసింటారు. మరక పడగూడదు. అంటే ఆ గదిలో ఉండేది పెద్దమనిషి. మర్యాద తెలిసిన మనిషి. ఆ గది గురించి నా అనుమానం మొత్తం ఆ తుడుపు మీదనే నిలబడింది."

చెన్నమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరోజు క్యారియర్ అడుగున నీళ్ళు కారుతున్నాయి. చీరకు మరకలు పడితే బట్టల మేస్త్రీ అరుస్తాడు. అందుకని తుడిచింది. అట్లా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేసినాక ఎవరూ బాగుందనలేదు, బాగలేదనలేదు. అసలు ఎవరూ చూడలేదనే అనుకుంది ఇంతకాలం.

"ఇంత సిన్నది నువ్వెట్ల సూసినావమ్మా?"

"కుట్టేదాన్ని గదక్కా. అందరూ జాకెట్టు పైన సూస్తారు. నేను తిప్పి లోపల సూస్తా." గుల్నాజ్ గుడ్డ మడిచి సంచిలో పెట్టింది. "ఆదివారం రా. జాకెట్టూ తీస్కపోవచ్చు, పంచాయితీకి ఒక మనిషీ ఎక్కువైతాది. నీ తీసేసిన కత కూడా సెప్పు. ఎవరూ ఒప్పుకోరనుకో, అయినా సెప్పు."

*

శుక్రవారం సాయంత్రం కండెల తట్ట నిండినాక చెన్నమ్మ పావని పక్కన చాప మీద కూర్చుంది.

"ఆ మెట్ల సీను నీ ఫోనులో వస్తాదా?"

పావని ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు సూడనేలేదా అత్తా?"

"యాడ సూసినా!"

పావని పెట్టింది. వంటింట్లో ఆవిరి. మాణిక్యమ్మ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్క కడ్డీ బిగించింది. కొంగుతో అడుగు తుడిచింది. ఇంకంతా వెనక నుంచి తీసిందే. మెట్లెక్కుతున్న ఒక వీపు. బరువుకు కుడివైపు ఒరిగిన భుజం. పగిలిన మడమలు. మెట్ల మలుపులో కొంగు చివర ఒక్క క్షణం కనపడి మాయమైంది.

"నా నడుము అంత వంగుంటాదా?" అంది చెన్నమ్మ.

"అది మాణిక్యమ్మ నడుమత్తా, నీది కాదు."

"మళ్ళా పెట్టు."

మళ్ళీ పెట్టింది. చెన్నమ్మ ఇప్పుడు ముందుకు వంగి చూస్తోంది. "ఎడమ సెయ్యి ఊపు ఎక్కువైంది. బరువు మోసే మనిషి ఇంకో సెయ్యి అంత ఊపదు, పక్కకు సాపి పట్టుకుంటాది. ఇంగొకసారి పెట్టు." పావని పెడుతూనే ఉంది. అవతల శేషప్ప అన్నానికి రమ్మని పిలిచి పిలిచి, చివరికి తన కంచం తెచ్చుకుని వాళ్ళ వెనక నిలబడి తింటూ చూశాడు.

*

ఆదివారం గుల్నాజ్ మిద్దె మీద షామియానా గుడ్డ కట్టి ఉంది. కింద గది పక్క నుంచి లేచిన సిమెంటు మెట్లు మిద్దె దాకా వచ్చి, ఆ పైన నీళ్ళ తొట్టి దగ్గరికి ఇంకొన్ని ఎక్కుతాయి. ఆడవాళ్ళు చాపల మీద సర్దుకున్నారు. కొందరు బురఖా ముసుగు వెనక్కి తీసి పెట్టుకున్నారు, కొందరు పిల్లల్ని ఒళ్ళో వేసుకున్నారు. బజ్జీల పళ్ళెం చేతులు మారుతోంది. గుల్నాజ్ అత్త రహమత్ బీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకు చూపు మసక. సీరియల్ మొత్తం వింటూ గడిపిన మనిషి.

గుల్నాజ్ మధ్యలో గిన్నెలు వరసగా పెట్టింది. ఒక్కో అనుమానానికి ఒక్కో గిన్నె. అందరి చేతుల్లో తలా ఒక గుండీ పెట్టింది. "ఎవరి మాట నమ్మితే ఆ గిన్నెలో వెయ్యండి. మాట్లాడినాక వెయ్యండి, ముందే వెయ్యొద్దు."

చెన్నమ్మ కొత్త జాకెట్టు కవరు ఒళ్ళో పెట్టుకుని చివరి చాప మీద కూర్చుంది. పక్కన పావని. పావనికి ఒట్టు పెట్టించి తెచ్చింది, నోరు తెరవగూడదని.

దయ్యం గిన్నెలో గుండీలు టపటపా పడ్డాయి. తెల్లగుడ్డ పెద్దమనిషి గిన్నెలో కొన్ని పడ్డాయి. పోలీసు గిన్నెలో ఒకే ఒకటి, అది చెప్పిన మనిషే వేసుకుంది. అప్పుడు రాధిక లేచింది. పత్తి కమీషను వ్యాపారం చేసే ఇంటి కోడలు. మాట తూకం వేసినట్టు మాట్లాడుతుంది.

"మీరంతా ఆమె మీద ప్రేమతో చూస్తున్నారు. నేను లెక్కగా చూసినాను. పెద్దకోడలి నగల పెట్టె పోయింది కదా? ఎప్పుడు పోయింది? మాణిక్యమ్మ కనపడకుండా పోయిన వారంలోనే. క్యారియర్‌లో అన్నమే ఉందని ఎవరు చూసినారు? రోజూ కొంచెం కొంచెం మోసింది. చివరి రోజు పెట్టెతో సహా పోయింది. గదిలో ఎవరూ లేరు. ఆమె దొంగ."

మిద్దె మీద 'అవును కదా' అనే గుసగుస పుట్టింది. రెండు గుండీలు రాధిక గిన్నెలో పడ్డాయి. ఇంకొక చెయ్యి లేచింది.

"దొంగ కాదు!"

చెన్నమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. సీరియల్‌కు ముందు ఇరవై ఏళ్ళు నాటకాలాడిన గొంతు అది. మైకు పాడైతే జాతరలో చివరి వరసకు కూడా అందిన గొంతు. పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్న ఆమె కూడా తిరిగి చూసింది.

"మాణిక్యమ్మ దొంగ కాదు. ఆ ఇంట్లో ఒక్క పిడికెడు బియ్యం కూడా కొంగున కట్టుకోలే. రాత్రి అందరూ తిన్నాక గిన్నె గీకి తినింది. నగలా! ఆమెకు నగలెందుకు?"

గోడ దగ్గర రహమత్ బీ తల ఎత్తింది.

"ఈ గొంతు నాకు తెలుసు," అంది నెమ్మదిగా. "'అమ్మగారూ, కాఫీ సల్లారిపోతాంది' అనే గొంతు ఇది. గుల్నాజ్, ఎవరే ఆమె?"

గుల్నాజ్ చెన్నమ్మ ముఖంలోకి చూసింది. జాస్మిన్ ఒక్క గెంతులో వచ్చి, రహమత్ బీ కళ్ళద్దాలు తీసి చెన్నమ్మ ముక్కు మీద పెట్టింది, కొంగు లాగి నడుముకు చుట్టింది. అంతే. మిద్దె మీద కేక లేచింది. బజ్జీల పళ్ళెం బోర్లా పడింది. ఒళ్ళోని పిల్ల నిద్రలేచి ఏడుపు లంకించుకుంది. పావని, ఒట్టు తీరిపోయింది కాబట్టి, "మా అత్త! మా సొంత అత్త!" అని అరుస్తోంది. రాధిక రెండు చేతులతో నోరు మూసుకుంది. తన గిన్నెలోని గుండీలు తానే తీసి పారబోసింది.

"నా ముందర నిలబెట్టి నడుము కొలత కూడా తీసినా గదమ్మా!" అని గుల్నాజ్ తల బాదుకుంది. మరుక్షణం అందరూ ఒక్కసారే అడిగారు. "గదిలో ఎవరు? తలుపెనకాల ఎవరు?"

"తలుపెనకాలా?" చెన్నమ్మ కళ్ళద్దాలు తీసి రహమత్ బీ చేతిలో పెట్టింది. "తలుపెనకాల ఒక ప్లైవుడ్ చెక్క, పాత ఫ్యాను. లైట్లు పట్టే ఆయన మధ్యాహ్నం పూట ఆడ పండుకునేవాడు."

"అంటే రోజూ అన్నం మోసింది లైట్లాయనకా!"

నవ్వులు తగ్గేదాకా చాలాసేపు పట్టింది. అప్పుడు గుల్నాజ్ దగ్గరికి వచ్చి కూర్చుంది. "మరి ఎందుకు దిగలేదక్కా? నిజం సెప్పు."

"ఆ ఊరి నీళ్ళు..." అని మొదలుపెట్టింది చెన్నమ్మ. ఆ మాట ఇంత మంది కళ్ళ ముందర ముందుకు సాగలేదు. చీర అంచు వేళ్ళతో మడుస్తూ చెప్పింది. "ఎక్కే సీను తీసినారు. దిగేది రేపు తీస్తామన్నారు. పొద్దున్నే మా సందు మూలకు వ్యాను వస్తాది ఎక్కించుకోను. ఆ రేపు రాలే. ఎండెక్కేదాకా నిలబడినా. ఫోను సేస్తే ఎత్తలే. మరుసటి రోజూ నిలబడినా. రావద్దని ఎవరూ సెప్పలే. నేనేం తప్పు సేసినానో సెప్పలే. నాకూ తెలీదు తల్లీ. మీకెంత తెలుసో నాకూ అంతే."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంది. ఎవరో పిల్లను జోకొడుతున్నారు.

"ఆగండి, ఆగండి," అంది రాధిక. ముఖం ఇంకా ఎర్రగానే ఉంది. "వ్యాను రాలేదు. సరే. ఆ రోజు వంటింట్లో కొత్తామె ఎట్లా వచ్చింది? ముందే మాట్లాడి పెట్టుకోకుండా వస్తుందా? ఆమె నిర్మాత వాళ్ళ వదినయి ఉంటుంది."

"వదిన కాదు, హీరోయిన్," అంది జాస్మిన్. "నువ్వు ఫ్రేములోకి వస్తే ఆమెను ఎవరూ సూడరు. ఆమెనే కడుపుమంటతో తీసేయించింటాది."

"డైరెక్టర్ నిన్ను దాసిపెట్టినాడక్కా," అంది గుల్నాజ్. "ఆఖరి ఎపిసోడుకు దించుదామని. ఈ లోపల సానల్‌వాళ్ళు సీరియలే ఆపేసినారు."

"ఆ డైరెక్టర్‌కు నిన్ను సూస్తే వాళ్ళమ్మ గుర్తొచ్చింటాది," అంది రహమత్ బీ. "పనుండగా ఏడుపొస్తే ఎట్ల? అందుకే వద్దనింటాడు."

చెన్నమ్మ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. ఇంతమంది ఆ వ్యాను వెనక పరిగెత్తుతున్నారు! ఆమె కూడా నోరు తెరిచింది. "నేనొకటి అనుకుంటాంటి. ముందు రోజు అన్నాల కాడ ఇంగొంచెం కూర అడిగినా. అందుకేనేమో అని."

"కూరకా?" గుల్నాజ్ చెయ్యి ఊపింది. "సాల్లేక్కా. పడదు."

"పెద్దకోడలు వేసే ఆ పిల్ల ఒక మాట తప్పు పలికితే సరిజేసినా. దానికేమో..."

"అదీ పడదు. నీ గిన్నెలో ఒక్క గుండీ కూడా పడదు. అడుగు, కావాలంటే." గుల్నాజ్ ఖాళీ గిన్నె ఎత్తి తిప్పి అందరికీ చూపించింది. ఎవరూ గుండీ వెయ్యలేదు. రాధిక అయితే తన గుండీని పిడికిలి బిగించి పట్టుకుంది.

రెండేళ్ళుగా కండెలు చుట్టేటప్పుడల్లా ఆమె తనలో తాను తిప్పుకున్న మాటలవి. ఆదోని ఆడవాళ్ళు రెండు చేతి ఊపుల్లో కొట్టేశారు. చెన్నమ్మ ఆ ఖాళీ గిన్నె వైపు చూసి పకాలున నవ్వింది.

"ఇంతకీ దిగేటప్పుడు ఏం సేద్దామనుకుంటివి?" అంది రహమత్ బీ. "అనుకోనుంటావు గదా."

అనుకుంది. ఎక్కే సీను తీసిన రాత్రంతా హైదరాబాదు రూములో మంచం మీద పడుకుని అనుకుంది. గుల్నాజ్ ఇంట్లోంచి క్యారియర్ తెచ్చింది. చెన్నమ్మ దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఉత్తది వద్దు. నీళ్ళు పోసి తెండి, నిండా," అంది. నీళ్ళు పోసినాక నీళ్ళ తొట్టి దగ్గరికి ఎక్కి, అటు తిరిగి ఒక్క నిమిషం నిలబడింది. ఆడవాళ్ళు మెట్ల కింద గుంపుగా చేరారు. జాస్మిన్ ఫోను ఎత్తి పట్టుకుంది. పావని రహమత్ బీ చెవి దగ్గర కూర్చుని కనపడిందల్లా చెప్పడానికి సిద్ధంగా ఉంది.

ముందు కాలు కనపడింది. తర్వాత కొంగు. భుజం కుడివైపు ఒరిగే ఉంది. ఎడమ చెయ్యి ఊగడం లేదు, పక్కకు చాచి పట్టుకుంది.

"బరువుంది," అంది పావని ఊపిరి బిగబట్టి. "అవ్వా, క్యారియర్ బరువుగానే ఉంది. పైనున్న మనిషి తినలేదు."

"యా అల్లా," అంది రహమత్ బీ.

మధ్య మెట్టు మీద మాణిక్యమ్మ ఆగింది. క్యారియర్ కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకుంది. పైకి ఒకసారి చూసింది. తల దించి కింద ఉన్నవాళ్ళను చూసింది. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. గుల్నాజ్, రాధిక, ఏడుపు మానిన చంటిపిల్ల, పక్క మిద్దె మీది మిరపకాయల ఆమె కూడా. అప్పుడు ఆమె పెదాల మీద ఒక నవ్వు లేచింది. ఆ రాత్రి మంచం మీద అనుకున్న దాంట్లో ఆ నవ్వు లేదు.

ఆఖరి మెట్టు దిగి క్యారియర్ కింద పెట్టింది.

అందరూ ఒక్కసారే అందుకున్నారు.

"తినకపోతే నవ్వెందుకు?"

"పైన మనిషి సచ్చిపోయింటాడు, అందుకే తినలేదు!"

"సచ్చిపోతే నవ్వుతాదా? తప్పించుకోని పోయింటాడు. ఈమెనే పంపించింది!"

"నవ్వెందుకక్కా? సెప్పు, నవ్వెందుకు?"

"నన్నడిగితే?" చెన్నమ్మ కొంగు విప్పుకుని చాప మీద కూలబడింది. "మీరే సెప్పండి. ముందు నాకొక బజ్జీ ఇయ్యండి."

*

సోమవారం పొద్దున్న మళ్ళీ రాట్నం. పావని ఫోను ఆగకుండా మోగుతోంది. ఆ నవ్వు గురించి ఆదోనిలో ఎవరూ నిద్రపోయినట్టు లేరు. కౌతాళం నుంచి కూడా ఎవరో సగం కన్నడంలో, సగం తెలుగులో పోట్లాడుతున్నారు. మధ్యలో గుల్నాజ్ గొంతు వచ్చింది. "నవ్వు సంగతి సరే. చెన్నక్క ఎండలో నిలబడితే ఆ వ్యాను ఎందుకు రాలేదో అది కూడా తేలాల. దాన్ని వదిలిపెట్టొద్దు."

మగ్గం ఆగింది.

"ఏ వ్యాను?" అన్నాడు శేషప్ప.

పావని అత్త వైపు చూసింది. చెన్నమ్మ కండె మీద నుంచి చూపు తీయలేదు. "నన్ను ఎక్కించుకోను రావాల్సిన వ్యాను. రాలే. నేను మానుకోలేదన్నా. వాళ్ళే పిలవలే."

శేషప్ప తెగిన పోగు ఒకటి అందుకుని, వేలు తడి చేసుకుని ముడి వేశాడు. మళ్ళీ మగ్గం పలక లాగాడు. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. కాసేపు అట్లాగే నేశాడు. మళ్ళీ ఆగాడు.

"నేనొకటి సెప్పనా?"

"సెప్పన్నా."

"తప్పు ఆ డ్రైవర్‌ది. నువ్వు నిలబడిన మూల మర్సిపోయి ఇంకో మూలకు పోయింటాడు. ఆడ ఎవరో ఒకామె సంచి పట్టుకోని బస్సు కోసం నిలబడింటాది. వంటమనిషి ఈమెనే అనుకోని ఎక్కించుకోని పోయింటాడు. ఆమెకు నోరు లేదు, వద్దనలేకపోయింది. ఆడ దింపినారు, సీర కట్టినారు, కత్తిపీట ముందర కూసోబెట్టినారు. పాపం, రెండేండ్లు బెండకాయలు కోసింది. వాళ్ళింట్లోవాళ్ళు ఆమెకోసం ఇంగా ఎతుకుతాంటారు."

చెన్నమ్మ రాట్నం వదిలేసి నేల మీద ఒరిగిపోయింది. నవ్వు ఊపిరి తీసుకోనియ్యడం లేదు. పావని ఎగిరి గంతేసి గుంట అంచున కూర్చుని, ఫోను నాయన ముఖం ముందు పెట్టింది.

"నాయనా, ఇదే! ఇంగొకసారి సెప్పు, గ్రూపులో పెడతా!"

"పో పో, నాకెందుకు ఆడోళ్ళ గుంపులో."

"సెప్పన్నా," అంది చెన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "బాగుంది నీది. గుండీలన్నీ దానికే పడతాయి."

శేషప్ప నాడె పక్కన పెట్టాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, ఎవరైనా చూస్తారన్నట్టు తల మీది నూలు దులుపుకున్నాడు. గొంతు సవరించుకుని, ఫోను దగ్గరికి వంగి, "అందరికీ నమస్కారమమ్మా," అని మొదలుపెట్టాడు.